ఆ రేటింగ్ ఇంజిన్‌దా, యంత్రానిదా?
చెస్ ఇంజిన్లను పరీక్షించేటప్పుడు హార్డ్‌వేర్ షరతుల గురించి – ప్రసంగ పాఠం

నమస్కారం.

చెస్ ఆడే ప్రోగ్రామ్‌లను ఇంజిన్లు అంటారు. వాటిలో ఏది గట్టిదని అడిగితే చాలామంది ఒక రేటింగ్ జాబితా తెరిచి అంకె చదివేస్తారు. ఆ అంకె వెనక ఒక యంత్రం ఉంటుంది, ఒక గడియారం ఉంటుంది, ఇంజిన్‌కు ఇచ్చిన మెమరీ ఉంటుంది. వాటిలో ఏది మారినా అంకె మారుతుంది. ఎంత మారుతుందో చూడటానికి మీ అందరికీ తెలిసిన పోటీనే తీసుకుందాం.

2017 డిసెంబరులో డీప్‌మైండ్ సంస్థ తాను తయారుచేసిన ఆల్ఫాజీరో అనే ఇంజిన్‌కూ, స్టాక్‌ఫిష్ 8 అనే ఇంజిన్‌కూ మధ్య 100 ఆటలు ఆడించిన ఫలితం ఒక పేపర్‌లో ప్రకటించింది. ఆల్ఫాజీరో 28 గెలిచింది, 72 డ్రా, ఒక్కటీ ఓడలేదు. వార్తలన్నీ గెలుపు గురించే వచ్చాయి. ఇంజిన్లు పరీక్షించే అలవాటున్న వాళ్లు మాత్రం షరతులు రాసిన చోట ఆగిపోయారు. స్టాక్‌ఫిష్‌కు 64 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని ధారలు), 1 జీబీ హ్యాష్, ప్రతి ఎత్తుకూ కచ్చితంగా 1 నిమిషం. ఆల్ఫాజీరోకు గూగుల్ తయారుచేసుకున్న మొదటి తరం టీపీయూలు, అంటే న్యూరల్ నెట్‌వర్క్ లెక్కల కోసమే చేసిన చిప్‌లు, 4.

ఈ 1 జీబీ సంగతి కాస్త లెక్క వేసి చూద్దాం. హ్యాష్ అంటే ఇంజిన్ తాను ఇప్పటికే చూసిన పొజిషన్లను మళ్లీ లెక్కించకుండా దాచుకునే పట్టిక. స్టాక్‌ఫిష్ 8లో ఒక్కో గడి 32 బైట్లు, అందులో 3 పొజిషన్లు పడతాయి. 1 జీబీలో అలాంటి గడులు 3 కోట్ల 35 లక్షలు, అంటే దాదాపు 10 కోట్ల పొజిషన్లకు చోటు. ఆ యంత్రం మీద స్టాక్‌ఫిష్ సెకనుకు 7 కోట్ల పొజిషన్లు చూస్తోందని ఆ పేపరే చెబుతోంది. నిమిషానికి 420 కోట్లు. చూసినదంతా పట్టికలోకి ఎక్కదు, ఒకే పొజిషన్ వేరే దారుల్లో మళ్లీ మళ్లీ వస్తుంది కూడా, నిజమే. అయినా 10 కోట్ల చోటుకు 420 కోట్ల రాకపోకలంటే పట్టిక మొదటి కొన్ని సెకన్లలోనే నిండిపోతుంది. ఆ తర్వాత కొత్తది రాయాలంటే పాతది చెరిపేయాలి. 64 థ్రెడ్లు ఒకదాని పని ఒకటి అందుకునేది కూడా ఈ పట్టిక ద్వారానే. థ్రెడ్లు దండిగా ఇచ్చి, అవి కలిసి పనిచేసే చోటును ఇరుకు చేశారన్నమాట.

రెండోది గడియారం. ఎత్తుకు 1 నిమిషం అని బిగిస్తే చూడటానికి ఇద్దరికీ సమానమే. కానీ స్టాక్‌ఫిష్‌లో సమయాన్ని పంచుకునే భాగం ఏళ్ల తరబడి సానబట్టింది. ఒకే ఎత్తు తప్ప గతి లేని చోట గబుక్కున ఆడేస్తుంది, స్కోరు జారుతున్నట్టు కనిపిస్తే ఎక్కువసేపు ఆలోచిస్తుంది. బిగించిన నిమిషంలో ఆ భాగానికి పనే లేదు.

ఈ అభ్యంతరాలు వచ్చాక, 2018 డిసెంబరులో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్‌లో షరతులు మార్చారు. 44 కోర్లకు 44 థ్రెడ్లు, 32 జీబీ హ్యాష్, ఆటకు 3 గంటలు, ఎత్తుకు 15 సెకన్లు అదనం. 1000 ఆటల్లో ఆల్ఫాజీరో 155 గెలిచింది, 6 ఓడింది, 839 డ్రా. ఎలో అనే రేటింగ్ పాయింట్లలోకి మారిస్తే మొదటి ఫలితం సుమారు 100 పాయింట్ల తేడా, అటూ ఇటూ 33. రెండోది 52, అటూ ఇటూ 8. తేడా సగానికి పడింది. అంతా షరతుల వల్లేనని అనలేం, రెండు పోటీల మధ్య మారినవి ఇంకా ఉన్నాయి. కానీ పొరపాటు హద్దులు తీసేసినా మిగిలే తేడా అది. గెలిచింది ఎవరన్నది మారలేదు, ఎంత తేడాతో అన్నది మారింది. రేటింగ్ అంటే ఆ ‘ఎంత’ కదా.

ఇక్కడ ఒక విషయం ముందే తేల్చుకోవాలి. మనం పోల్చేది ప్రోగ్రామ్‌నా, మొత్తం వ్యవస్థనా? 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించిన ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూలో చెస్ కోసమే చేసిన చిప్‌లు 480 ఉన్నాయి, సెకనుకు 20 కోట్ల పొజిషన్లు చూసేది. దాన్ని ‘సమాన హార్డ్‌వేర్’ మీద పరీక్షించడమంటే అర్థమే లేదు, హార్డ్‌వేరే ఆ ఇంజిన్. అంతర్జాతీయ కంప్యూటర్ గేమ్స్ సంఘం నడిపిన ప్రపంచ పోటీలో ఎవరి యంత్రం వాళ్లు తెచ్చుకునేవారు, అది వ్యవస్థల పోటీ. అందరికీ ఒకే యంత్రం ఇచ్చి ఆడించే సాఫ్ట్‌వేర్ పోటీని 2010 నుంచి విడిగా పెట్టారు. రెండూ న్యాయమైనవే. ఒకదాని ఫలితం చూపించి రెండోదాని గురించి వాదించడమే అన్యాయం.

స్వీడన్‌లో ఎస్ఎస్‌డీఎఫ్ అనే సంఘం 1980ల నుంచి జాబితా వేస్తోంది. వాళ్లు ప్రోగ్రామ్ పేరు పక్కన యంత్రం పేరు కూడా రాస్తారు. అదే ప్రోగ్రామ్ పాత ప్రాసెసర్ మీద ఒక వరుస, కొత్త ప్రాసెసర్ మీద మరో వరుస. నా దృష్టిలో ఇంతకంటే నిజాయితీగల పద్ధతి లేదు. చదివేవాడికి కాస్త చికాకు, అంతే.

సీసీఆర్ఎల్ అనే మరో రేటింగ్ జాబితా దారి వేరు. అక్కడ పరీక్షించేవాళ్లు చాలామంది, ఎవరి కంప్యూటర్ వాళ్లది. అందుకని ఒక ప్రామాణిక యంత్రం పెట్టుకున్నారు, ఇంటెల్ ఐ7-4770కే. దాని మీద 40 ఎత్తులకు 15 నిమిషాలు అని లెక్క. మీ యంత్రం దానికంటే ఒకటిన్నర రెట్లు వేగమైతే మీరు 40 ఎత్తులకు 10 నిమిషాలే ఇవ్వాలి. వేగం కొలవడానికి అందరూ ఒకే ప్రోగ్రామ్ నడుపుతారు. స్టాక్‌ఫిష్ అభివృద్ధికి వాడే ఫిష్‌టెస్ట్ అనే పరీక్షా వ్యవస్థ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే మనుషుల ప్రమేయం లేకుండా. ప్రతి కంప్యూటర్ ముందు బెంచ్ అనే వేగ పరీక్ష నడిపి తన వేగం చెబుతుంది, దాన్నిబట్టి గడియారం సర్దుబాటవుతుంది.

ఈ సర్దుబాటులో ఒక చిక్కుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. కొలిచే ప్రోగ్రామ్, పరీక్షించే ఇంజిన్ ఒకే రకం పని చేయకపోతే కొలత తప్పుతుంది. వెనకటికి వేగం కొలవడానికి క్రాఫ్టీ అనే ఇంజిన్ వాడేవారు. అది మామూలు పూర్ణాంకాల లెక్కలతో నడిచేది. 2020 సెప్టెంబరులో వచ్చిన స్టాక్‌ఫిష్ 12 నుంచి ఎన్ఎన్‌యూఈ అనే చిన్న న్యూరల్ నెట్‌వర్క్ ఇంజిన్లలోకి వచ్చింది. అది ఒకేసారి అనేక సంఖ్యలపై పనిచేసే ఆదేశాల మీద, అంటే ఏవీఎక్స్2, ఏవీఎక్స్-512 లాంటి వాటి మీద ఆధారపడుతుంది. రెండు ప్రాసెసర్లు క్రాఫ్టీ దగ్గర సమానంగా కనిపించి, ఎన్ఎన్‌యూఈ దగ్గర ఎంతో తేడా చూపించవచ్చు. కాబట్టి ఏ తరహా ఇంజిన్లను పరీక్షిస్తున్నారో ఆ తరహా దానితోనే వేగం కొలవండి.

ఇక మీ గదిలో, మీ కంప్యూటర్ మీద రెండు ఇంజిన్లను ఆడించే సంగతి. ఒకే యంత్రం మీద ఆడిస్తున్నాం కాబట్టి సమానమే కదా అనుకుంటాం. కాదు.

మొదట బైనరీ, అంటే నడపడానికి సిద్ధంగా తయారుచేసిన ఇంజిన్ ఫైల్. ఒకే ఇంజిన్‌కు నాలుగైదు రకాల బైనరీలు దొరుకుతాయి, ఒక్కో ప్రాసెసర్‌కు ఒక్కోటి. ఒక ఇంజిన్‌ను ఏవీఎక్స్2 బైనరీతో, రెండోదాన్ని ఎప్పటిదో పాతకాలపు సాధారణ బైనరీతో నడిపితే పోటీ మొదలవకముందే ముగిసినట్టే. పేరు పెద్దగా ఉన్న బైనరీ వేగమైనదనీ అనుకోవద్దు. ఏఎండీ రైజెన్ 1000 నుంచి 3000 వరకు డెస్క్‌టాప్ వరుసల్లో బీఎంఐ2 అనే ఆదేశాల గుంపులోని పెక్స్ట్ ఆదేశం హార్డ్‌వేర్‌లో నేరుగా లేదు, మైక్రోకోడ్‌తో నెట్టుకొస్తుంది, చాలా నెమ్మది. అక్కడ బీఎంఐ2 బైనరీ కంటే ఏవీఎక్స్2 బైనరీయే ముందుంటుంది. ఆ తర్వాతి జెన్ 3 తరం నుంచి ఆ ఇబ్బంది పోయింది. ఊహించే పని లేదు, దొరికిన బైనరీలన్నింటినీ బెంచ్ చేసి, ప్రతి ఇంజిన్‌కూ దాని అత్యంత వేగమైనది పెట్టండి.

తర్వాత ప్రాసెసర్ వేగం నిలకడ. టర్బో, అంటే అవసరాన్నిబట్టి వేగం తానే పెంచుకునే ఏర్పాటు, ఉన్న ప్రాసెసర్ ఒక్క ఆట నడుస్తుంటే ఒక వేగంతో, 8 నడుస్తుంటే మరో వేగంతో, వేడెక్కాక ఇంకో వేగంతో ఉంటుంది. రాత్రి చల్లగా ఉన్నప్పుడు ఒక ఇంజిన్ ఆటలు, మధ్యాహ్నం వేరే ఇంజిన్ ఆటలు ఆడిస్తే రెండింటినీ వేర్వేరు యంత్రాల మీద ఆడించినట్టే. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో ఈ తేడా ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. టర్బో ఆపేయండి. లినక్స్‌లో ఇంటెల్ ప్రాసెసర్‌కు పీస్టేట్ ఫోల్డర్‌లో నో-టర్బో అనే ఫైల్ ఉంటుంది, అందులో 1 రాస్తే చాలు. విండోస్‌లో పవర్ ప్లాన్‌లోకి వెళ్లి ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి దించితే చాలా యంత్రాల్లో టర్బో ఆగిపోతుంది. వేగం కొంత తగ్గుతుంది. తగ్గనివ్వండి, మనకు కావలసింది నిలకడ.

ఒకేసారి ఎన్ని ఆటలు? ఇక్కడే ఆశ దెబ్బ తీస్తుంది. చాలా 8 కోర్ల ప్రాసెసర్లను టాస్క్ మేనేజర్ 16గా చూపిస్తుంది. ఆ 16 నిజమైన కోర్లు కావు, ఒక్కో కోర్‌ను ఇద్దరు పంచుకుంటున్నారు. 16 ఆటలు పెడితే ఏ ఇంజిన్‌కు ఏ క్షణాన ఎంత కోర్ దక్కుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఒక్కో ఇంజిన్‌కు 1 థ్రెడ్ చొప్పున 7 ఆటలు పెట్టి, 1 కోర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ఆటలు నడిపే ప్రోగ్రామ్‌కూ వదలండి. 2021 చివర్లో వచ్చిన ఇంటెల్ 12వ తరం నుంచి మరో తలనొప్పి. ఐ7-12700లో 8 పెద్ద కోర్లు, 4 చిన్న కోర్లు, మొత్తం 20 థ్రెడ్లు. చిన్న కోర్ మీద పడ్డ ఇంజిన్ ఖర్మ కాలినట్టే. లినక్స్‌లో టాస్క్‌సెట్ ఆదేశంతో పెద్ద కోర్లకే కట్టేయండి. ఏ నంబరు ఏ కోర్‌దో ఎల్ఎస్‌సీపీయూ చూపిస్తుంది.

కోర్లు విడివిడిగా ఉన్నా ప్రాసెసర్‌లోని ఎల్3 క్యాష్ అనే చిన్న మెమరీ, ర్యామ్‌కు వెళ్లే దారి అందరికీ ఉమ్మడివే. ఎన్ఎన్‌యూఈ నెట్‌వర్క్ పదుల మెగాబైట్ల ఫైల్. పెద్ద నెట్‌వర్క్ ఉన్న ఇంజిన్ ఆటల సంఖ్య పెరిగేకొద్దీ ఎక్కువ నష్టపోతుంది, చిన్న నెట్‌వర్క్ ఉన్నది అంతగా నష్టపోదు. అంటే ఒకేసారి ఎన్ని ఆటలు పెట్టామన్నదాన్నిబట్టి ఎవరు ముందున్నారన్నదే మారవచ్చు. దీనికి తేలికైన పరీక్ష: ముందు ఒక్క ఇంజిన్ బెంచ్ నడిపి సెకనుకు ఎన్ని పొజిషన్లో రాసుకోండి. తర్వాత 7 కాపీలు ఒకేసారి నడిపి ఒక్కోదాని వేగం చూడండి. రెండు ఇంజిన్లకూ ఇలా చేయండి. తగ్గుదల 10 శాతం దాటినా, రెండింటికీ వేర్వేరుగా ఉన్నా, ఆటల సంఖ్య తగ్గించండి. ల్యాప్‌టాప్‌లలో ఒకే ర్యామ్ కర్ర ఉంటే ఈ తగ్గుదల ఇంకా ఎక్కువ.

10 శాతం వేగం అంటే ఎంత? వేగం రెట్టింపైతే 60 ఎలో వస్తుందనుకుంటే 10 శాతానికి సుమారు 8 ఎలో. ఆలోచించే సమయం పెరిగేకొద్దీ ఈ లాభం తగ్గుతుంది, అది వేరే సంగతి. కానీ ఫిష్‌టెస్ట్‌లో ఒక మార్పు 2 ఎలో తెచ్చిందంటే సంబరమే. 2 ఎలోను పట్టుకోవాలంటే, 60 శాతం డ్రాలు ఉన్న పోటీలో అటూ ఇటూ 2 హద్దులోకి రావడానికి సుమారు 46 వేల ఆటలు కావాలి. అంత కష్టపడి ఆడించి, హార్డ్‌వేర్‌లోనే 8 ఎలో వంకర పెట్టుకుంటే ఆ 46 వేల ఆటలు ఆ వంకరనే అతి కచ్చితంగా కొలిచి పెడతాయి.

హ్యాష్ ఇద్దరికీ సమానంగా ఇవ్వడం తేలిక, సరిపడా ఇవ్వడంలోనే జనం తప్పుతారు. ఫిష్‌టెస్ట్‌లో 10 సెకన్లు, ఎత్తుకు 0.1 సెకను అదనమైతే 16 ఎంబీ, 60 సెకన్లకు 0.6 అయితే 64 ఎంబీ. మీ సమయానికి ఎంత కావాలో తెలియకపోతే ఇంజిన్ పంపే సమాచారంలో హ్యాష్‌ఫుల్ అనే అంకె చూడండి, వెయ్యికి ఎంత నిండిందో చెబుతుంది. మధ్య ఆటలో ప్రతి ఎత్తుకూ 1000 తాకుతుంటే చాల్లేదన్నట్టే. అలాగని పెంచుకుంటూ పోవద్దు. 7 ఆటలు, ఆటకు 2 ఇంజిన్లు, ఒక్కోదానికి 1 జీబీ అంటే 14 జీబీ. 16 జీబీ యంత్రం డిస్క్‌లోకి స్వాప్ చేయడం మొదలుపెడితే ఆటలు సమయం అయిపోయి పోతాయి.

ఎండ్‌గేమ్ టేబుల్స్, అంటే కొద్ది కాయలే మిగిలిన పొజిషన్లకు ముందే లెక్కగట్టిన ఫలితాల ఫైళ్లు, ఇస్తే ఇద్దరికీ ఇవ్వండి. వాటిలో సిజిజి అనే రకంలో 5 కాయలది సుమారు 1 జీబీ, 6 కాయలది 150 జీబీ దాకా. 6 కాయలది తిరిగే హార్డ్‌డిస్క్ మీద పెడితే ఇంజిన్ వెతుకులాట మధ్యలో డిస్క్ కోసం కాచుకుని కూర్చుంటుంది. ఎస్ఎస్‌డీ లేకపోతే 5 దగ్గరే ఆగండి. పాండరింగ్, అంటే ఎదుటివాడి సమయంలో ఆలోచించడం, ఒకే యంత్రం మీద ఆడిస్తుంటే ఆపేయండి. లేకపోతే ఒకరి ఆలోచన ఇంకొకరి కోర్ తింటుంది.

సమయం మించి ఓడిన ఆటలను విడిగా లెక్కపెట్టండి. స్టాక్‌ఫిష్‌లో మూవ్ ఓవర్‌హెడ్, అంటే ఆలస్యాల కోసం ప్రతి ఎత్తుకూ పక్కన పెట్టుకునే సమయం, మామూలుగా 10 మిల్లీసెకన్లు. విండోస్ గడియారం మామూలు అడుగు దాదాపు 15.6 మిల్లీసెకన్లు. అతి వేగం ఆటల్లో ఈ రెండూ కలిసి మంచి ఇంజిన్‌ను బలి తీసుకుంటాయి. వెయ్యి ఆటల్లో ఒకటీ అరా అయితే సరే. ఒకే ఇంజిన్‌కు పదులకొద్దీ వస్తుంటే అది బలహీనత కాదు, మీ ఏర్పాటులో లోపం. ఓవర్‌హెడ్ పెంచి మళ్లీ ఆడించండి.

ఇవన్నీ సరిచూసుకున్నాక ఒక పరీక్ష పెట్టండి. కూరగాయలు తూచే ముందు ఖాళీ తక్కెడ చూసినట్టు, ఒకే ఇంజిన్‌ను రెండు పేర్లతో రెండు ఫోల్డర్లలో పెట్టి 2000 ఆటలు ఆడించండి. ప్రతి ఓపెనింగ్‌నూ రంగులు మార్చి రెండుసార్లు. 60 శాతం డ్రాలు ఉంటే తేడా సున్నాకు అటూ ఇటూ 10 ఎలో లోపు ఉండాలి. దాటిందా, అదృష్టం అనుకోకుండా ఎక్కడో వంకర ఉందని వెతకండి. రెండు ఫోల్డర్లలో ఒకదాన్ని యాంటీవైరస్ తడుముతూ ఉండవచ్చు, ఒకదానికి థ్రెడ్ల సంఖ్య వేరేగా ఉండిపోయి ఉండవచ్చు.

అద్దెకు తీసుకునే క్లౌడ్ యంత్రాల గురించి రెండు మాటలే. అక్కడ ‘వీసీపీయూ’ అంటే చాలా సందర్భాల్లో సగం కోర్. పక్కవాడు ఎవరో, ఏం నడుపుతున్నాడో తెలియదు. టాప్ ఆదేశంలో ఎస్టీ అనే గడి సున్నా కాకుండా ఉంటే మీ సమయాన్ని ఎవరో వాడుకుంటున్నారని అర్థం.

చివరి చిక్కు, జవాబు లేనిది: సీపీయూ ఇంజిన్‌కూ గ్రాఫిక్స్ కార్డు ఇంజిన్‌కూ మధ్య సమానత. లీలా అని పిలిచే ఎల్‌సీజీరో అనే న్యూరల్ నెట్‌వర్క్ ఇంజిన్‌కు గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఊపిరి లేదు, స్టాక్‌ఫిష్‌కు ఆ కార్డు వల్ల ఉపయోగమే లేదు. దీనికోసం పరీక్షకులు ‘లీలా నిష్పత్తి’ అనే కొలత పెట్టుకున్నారు. 2017 పోటీలో ఆల్ఫాజీరో చూసిన పొజిషన్లు సెకనుకు 80 వేలు, స్టాక్‌ఫిష్ చూసినవి 7 కోట్లు, అంటే 875 రెట్లు. మీ యంత్రం మీద ఎల్‌సీజీరో వేగాన్ని స్టాక్‌ఫిష్ వేగంతో భాగించి 875తో గుణిస్తే 1 వస్తే ఆ పోటీలాంటి పరిస్థితి అన్నమాట. వాడుకకు బాగానే ఉంటుంది. కానీ ఆనాటి పోటీ న్యాయమైనదని ముందే ఒప్పుకుంటేనే దానికి విలువ. పైగా నెట్‌వర్క్ పెద్దదైతే పొజిషన్ల సంఖ్య పడిపోతుంది, బలం పెరగవచ్చు, నిష్పత్తి మాత్రం తగ్గినట్టు చూపిస్తుంది. ధర సమానం చేద్దామంటే కార్డుల ధరలు నెలకో రకం. విద్యుత్తు వాట్లు సమానం చేయడం నాకు వీటన్నిటికంటే మెరుగనిపిస్తుంది, గోడ సాకెట్ దగ్గర మీటరు పెట్టి కొలవచ్చు కాబట్టి. దానికంటే మెరుగైనది సమయం కోసుకుంటూ పోవడం: ఒకరికి పూర్తి సమయం, ఇంకొకరికి సగం, పావు, పదోవంతు ఇచ్చి ఎక్కడ సమానమవుతారో గీత గీయడం. 2018 పేపర్‌లో ఆల్ఫాజీరో సమయం తగ్గిస్తూ గీసింది అలాంటి బొమ్మే. ఒక్క అంకె కంటే ఆ గీత ఎక్కువ చెబుతుంది. టీసీఈసీ అనే ఇంజిన్ల పోటీ 14వ సీజన్ ఫైనల్‌లో స్టాక్‌ఫిష్ 50.5, ఎల్‌సీజీరో 49.5. ఆ ఒక్క పాయింటు ఇంజిన్‌దా, కార్డుదా అని తేల్చే మార్గం ఆ 100 ఆటల్లో లేదు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభ నుంచి: సార్, నా దగ్గర ఒక ల్యాప్‌టాప్ మాత్రమే ఉంది. సొంతంగా ఇంజిన్ రాస్తున్నాను. ఇవన్నీ ఎలా కుదురుతాయి?)

కుదురుతాయమ్మా, కొన్ని వదిలేస్తే. ఛార్జర్ పెట్టే ఉంచు, బ్యాటరీ మీద వేగం పడిపోతుంది. టర్బో ఆపి, 4 కోర్లయితే 2 ఆటలే పెట్టు. నువ్వు మార్చింది ఎవాల్యుయేషన్‌లోని, అంటే పొజిషన్‌కు విలువ కట్టే భాగంలోని, అంకెలు మాత్రమే అయితే సమయం బదులు ఎత్తుకు ఇన్ని నోడ్లు, అంటే చూసే పొజిషన్లు, అని బిగించు, ఉదాహరణకు 20 వేలు. అప్పుడు ల్యాప్‌టాప్ వేడెక్కినా, పక్కన బ్రౌజర్ తెరిచినా ఫలితం మారదు, ఎన్ని ఆటలైనా ఒకేసారి పెట్టుకోవచ్చు. కానీ కొత్త లెక్క ఏదైనా చేర్చి ఇంజిన్ నెమ్మదించిందంటే నోడ్ల పరీక్ష ఆ నష్టాన్ని దాచేస్తుంది. అలాంటి మార్పును మాత్రం గడియారంతో ఆడించు, 10 సెకన్లకు 0.1 చాలు, పాత వెర్షన్, కొత్త వెర్షన్ ఒకే కంపైలర్‌తో, ఒకే ఆప్షన్లతో తయారుచేసి. ఫలితం రాసుకునేటప్పుడు ప్రాసెసర్ పేరు, థ్రెడ్లు, హ్యాష్, సమయం, ఓపెనింగ్ ఫైల్, ఒకేసారి ఎన్ని ఆటలు, మొత్తం ఎన్ని ఆటలు అన్నీ ఆ వరుసలోనే రాయి. ఆరు నెలల తర్వాత కొత్త ల్యాప్‌టాప్ కొన్నాక ఆ పాత అంకెను కొత్త అంకె పక్కన పెట్టకు. పాత వెర్షన్‌ను కొత్త యంత్రం మీద మళ్లీ ఆడించి, అప్పుడు పోల్చు.